ఆదాం చేసిన మూడు కత్తులు

మా ఇంట్లో కోడిగుడ్డు ఉడకదు. కత్తులు మాత్రం ఆ వేసవి నాటికి పదిహేడు ఉండేవి. హాల్లో టీవీ పక్కన అద్దాల బీరువా చేయించి, ఒక్కొక్క కత్తినీ చెక్క దిమ్మ మీద నిలబెట్టి, ఇంటికొచ్చినవాళ్ళకి చూపించేవాణ్ణి. నేను గుంటూరులో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. మొక్కల కోసం అడవులు తిరగడం మొదలుపెట్టినవాణ్ణి, అడవికెళ్ళేవాడి నడుముకి మంచి కత్తి ఉండాలన్న సరదాలో పడ్డాను. ఆ సరదా ముదిరింది. మా ఆవిడ ఆశ్రిత ఆ బీరువా తుడిచేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేది. "వంకాయ తరగడానికి పనికిరాని కత్తి ఇంట్లో ఎందుకండీ?" అని అడిగేది. నేను నవ్వేసేవాణ్ణి.

ఆ పదిహేడింట్లో నాలుగు ఆదాం చేసినవి. దర్శి దాటి పది కిలోమీటర్లు పోతే నల్లగట్టుపాలెం అనే ఊరు వస్తుంది. ఊరి చివర రేకుల పాకలో ఆదాం కొలిమి. మిరప రైతులకీ పత్తి రైతులకీ కొడవళ్ళు, పారలు, గొర్రు పళ్ళు చేసిపెట్టేవాడు. పాత లారీ కమాను పట్టాని ఎర్రగా కాల్చి, సాగ్గొట్టి, నూనెలో ముంచి అతను తీసిన కత్తి ముందు ఆన్‌లైన్లో తెప్పించుకున్న జర్మనీ కత్తులు నాకు బొమ్మల్లా కనిపించేవి. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అయినా నేను మొదటి రోజు నుంచీ 'నువ్వు' అనే అన్నాను, అతను 'సారూ' అనే అన్నాడు. అందులో తప్పుందని నాకప్పుడు తోచలేదు.

మార్చిలో వెళ్ళాను. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కారు అద్దం దించితే తుమ్ములు. ఆదాం భార్య ఖుర్షిదా కొలిమి పక్కన కూర్చుని నిప్పుకి గాలి కొట్టే మర తిప్పుతోంది.

"మూడు కావాలి ఆదాం. ఒకటి నాకు, రెండు బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకి. వాళ్ళకి నాకంటే పిచ్చి. నీ చేతి పని చూస్తే వదలరు," అన్నాను. "పిడి కాకుండా అలుగే పది అంగుళాలు ఉండాలి."

ఆదాం పట్టకారు కింద పెట్టాడు. "ఎనిమిదిన్నర చేస్తా సారూ. అడవికి చాలు."

"ఎనిమిదిన్నరవి నా దగ్గరున్నాయి కదా."

"తొమ్మిది దాటితే అది కత్తి కాదు సారూ, కేసు. మా నాయన కూడా దాటనిచ్చేవాడు కాదు."

"అవన్నీ రౌడీలకి. మాలాంటివాళ్ళని ఎవడడుగుతాడు?"

ఖుర్షిదా గాలి మర ఆపి నా వైపు చూసింది. "ఆయన వద్దంటున్నాడు గదా సారూ," అంది.

"నేనున్నాను కదమ్మా. ఏదైనా వస్తే నావేనని నేను చెప్పనూ?"

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

ఆదాం లోపలికెళ్ళి తడి బంకమట్టి ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గట్టిగా పట్టుకోండి. కొమ్మ నరుకుతున్నట్టు," అన్నాడు. పట్టుకున్నాను. నా నాలుగు వేళ్ళూ, బొటనవేలూ మట్టిలో దిగిన చోటుని అతను ఎండలోకి తీసుకెళ్ళి తిప్పితిప్పి చూశాడు. "మీ చిటికెన వేలు పట్టు వదిలేస్తది సారూ. అక్కడ పిడి లావు పెట్టాలి," అన్నాడు. నలభై ఏడేళ్ళొచ్చాయి, నా చిటికెన వేలి సంగతి నాకే తెలియదు.

ఏప్రిల్ నెలాఖర్లో మళ్ళీ వెళ్ళేసరికి అలుగులు సిద్ధమయ్యాయి. నల్లతుమ్మ చేవతో పిడులు చెక్కుతున్నాడు. నాకు ముచ్చటేసి, "నీ పేరు కొట్టు ఆదాం. బయటి దేశాల్లో చేసినవాడి పేరు లేకపోతే కత్తికి విలువే ఉండదు," అన్నాను. అతను నమ్మలేదు. రెండుసార్లు అడిగాడు. అక్షరాలు రావు కాబట్టి నన్నే కాగితం మీద రాయమన్నాడు. నేను రాసిన 'ఆదాం'ని చూసి, ఒక చిన్న ఉలితో, ముగ్గు వేస్తున్నంత నెమ్మదిగా మొదటి అలుగు మొదట్లో చెక్కాడు. చెక్కాక ఖుర్షిదాని పిలిచి చూపించాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఊరి పొలాలన్నిటా అతని పనిముట్లే తిరుగుతున్నాయి. ఒక్కదాని మీదా అతని పేరు లేదు.

మే పదమూడున ఎన్నికలు. నాకూ పోలింగు డ్యూటీ పడింది, చేసి వచ్చాను. మరునాటి నుంచి ఊళ్ళల్లో గొడవలు. పార్టీలవాళ్ళు కొట్టుకున్నారనీ, పోలీసులు ఇల్లిల్లూ వెతికి కర్రలూ కత్తులూ పట్టుకుంటున్నారనీ పేపర్లో రోజూ వచ్చేది. ఓట్ల లెక్కింపు జూన్ నాలుగున. అప్పటిదాకా నలుగురు గుమిగూడితే తప్పు.

ఆదాం వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు. "సారూ, కత్తులైపోయినాయి. ఊళ్ళో బాలేదు. పోలింగు నాడు తలలు పగలగొట్టుకున్నారు. లెక్కింపు కానీయండి, నేనే తెచ్చిస్తా."

మేం పోలింగు మరుసటి వారం గురువారం మారేడుమిల్లి అడవులకి బయలుదేరాలి. బెంగళూరు వాళ్ళకి టికెట్లు అయిపోయాయి. నా స్నేహితుడు మార్క్, తాడేపల్లిలో ఉంటాడు, జీపు మాట్లాడి పెట్టాడు. ఆ కత్తుల ఫోటోలు నేను అప్పటికే అందరికీ పంపి ఊరించి ఉన్నాను. సోమవారం సాయంత్రం ఆదాంకి తిరిగి గొంతు పంపాను.

"అదంతా మీ ఊళ్ళో గొడవ ఆదాం. నేను పది అంగుళాల కత్తులు చేయించుకుంటే ఎవడికేంటి? బుధవారం పొద్దున బస్సెక్కి తెచ్చెయ్. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు, నంబరివ్వు."

నేనే వెళ్ళి తెచ్చుకోవచ్చు. కారు సర్వీసింగుకిచ్చానని ఆశ్రితతో అన్నాను. ఇచ్చింది నిజమే, మంగళవారానికే తిరిగొచ్చింది కూడా. ఆ గొడవల మధ్యకి వెళ్ళడానికి నాకు భయమేసింది, అంతే.

బుధవారం పదకొండు గంటలకి ఫోన్ వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. ఆశ్రిత వంటింటి గుమ్మంలో పీట వేసుకుని మామిడి ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. ఇల్లంతా కొత్త కారం వాసన. తెలియని నంబరు.

"రామకాంత్ గారేనాండీ?"

"అవునండీ."

"దర్శి స్టేషన్ నుంచి ఎస్సైని మాట్లాడుతున్నా. ఆదాం అనే మనిషి మీకు తెలుసా?"

ఒక్క మాట. తెలుసు అంటే సరిపోయేది. ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఆదాం లేడు, ఖుర్షిదా లేదు. కాలేజీ నోటీసు బోర్డు మీద నా సస్పెన్షన్ ఆర్డరు కనిపించింది. దాని చుట్టూ గుమిగూడిన మా స్టాఫ్ కనిపించారు.

"ఏ ఆదాం అండీ?" అన్నాను.

"నల్లగట్టుపాలెం, కొలిమి పని. చెక్‌పోస్టు దగ్గర బస్సులో మూడు కత్తులతో దొరికాడు. ఒక్కోటి పది అంగుళాలుంది. గుంటూరులో ఉండే మీరు చేయించుకున్నారంటున్నాడు."

"నేను గవర్నమెంటు లెక్చరర్‌నండీ. మొన్న పోలింగు డ్యూటీ కూడా చేశాను. నాకు కత్తులెందుకండీ?" నా గొంతు నాకే చాలా మర్యాదగా వినిపించింది. "ఎప్పుడో ఆవకాయకి కాయలు కొట్టే కత్తిపీట గురించి అడిగినట్టున్నాను. అదేమన్నా అనుకున్నాడేమో పాపం."

ఆ 'పాపం' కూడా నేనే అన్నాను.

"ఏం సబ్జెక్టు చెప్తారు సార్?"

"బోటనీ అండీ."

"సరే సార్. డిస్టర్బ్ చేశాం, ఏమనుకోకండి."

ఫోన్ పెట్టేశాక నేను చేసిన పని ఇప్పటికీ రాయడానికి చెయ్యి రావడం లేదు. వాట్సాప్ తెరిచాను. నేను సోమవారం పంపిన గొంతు అక్కడే ఉంది. రెండు రోజులు దాటకపోతే అవతలివాళ్ళ ఫోన్లోంచి కూడా తుడిచెయ్యొచ్చు. తుడిచేశాను. ఆదాం పంపినదాంట్లో నా మాట లేదు, నేనన్న మిగతా మాటలన్నీ కొలిమి దగ్గర ముఖాముఖి అన్నవే. వాటికి రుజువేముంది?

తలెత్తి చూస్తే ఆశ్రిత నన్నే చూస్తోంది.

"ఎవరండీ?"

"ఎవరో. రాంగ్ నంబరు."

ఆమె అప్పటికే తుడిచి పళ్ళెంలో పెట్టిన ముక్కని తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. మారణాయుధాలతో వ్యక్తి పట్టివేత. బల్ల మీద మూడు కత్తులు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు, మధ్యలో తువ్వాలు కప్పిన తల. కత్తుల మీద నిందితుడి పేరే చెక్కి ఉందని రాశారు. అదేదో పెద్ద ఆధారం దొరికినట్టు.

మార్క్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, అవి మన కత్తులు కదరా?"

"మన అనకు," అన్నాను.

"వెళ్ళి చెప్పావా మరి?"

"చెప్తే నా ఉద్యోగం పోద్దిరా. లెక్కింపు అయ్యాక వాళ్ళే వదిలేస్తారు."

"జీపు వద్దని చెప్పేస్తాలే," అని వాడు పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు. బెంగళూరు వాళ్ళకి నాకు జ్వరమని మెసేజి పెట్టాను.

తర్వాతి రెండు వారాలూ ఇంట్లో అన్నీ మామూలుగానే జరిగాయి. అదే భరించలేకపోయాను. ఆశ్రిత కాఫీ ఇచ్చేది, అన్నం పెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. కొత్త ఆవకాయ జాడీ మాత్రం నా కంచం దగ్గరికి తేలేదు. నేనూ అడగలేదు. లెక్కింపు అయిన రెండో రోజు మధ్యాహ్నం నేను భోంచేస్తుంటే, మజ్జిగ పోస్తూ అంది:

"ఆయన్ని పదకొండు రోజులు సబ్ జైల్లో ఉంచి వదిలారు."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "నీకెలా తెలుసు?"

"నిన్న మా అక్కావాళ్ళింటికని వెళ్ళాను కదా. అక్కడికి కాదు. దర్శి బస్సెక్కాను."

నేను తల వంచుకున్నాను.

"ఆర్నెల్లు ఏ గొడవా చెయ్యనని తహసీల్దారు దగ్గర బైండోవరు రాయించుకున్నారట. ఆదివారం ఆదివారం స్టేషనుకెళ్ళి వేలిముద్ర వెయ్యాలి. కొలిమి దగ్గర నరపురుగు లేదండీ. తొలకరి పడితే గొర్రు పళ్ళకి జనం క్యూ కట్టాలి కదా ఈపాటికి? రౌడీలకి కత్తులు చేసేవాడని పేరు పడిపోయింది. పక్కూరికెళ్ళి చేయించుకుంటున్నారు."

"నువ్వేం చెప్పావు వాళ్ళకి?"

"ఆవిడ అడిగింది, ఎవరమ్మా నువ్వని." ఆశ్రిత మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "కొడవలి కోసం వచ్చానన్నాను. పన్నెండేళ్ళ నుంచి పిల్లలకి పాఠాలు చెప్తున్నాను, ఒక్క అబద్ధం ఆడాల్సి రాలేదు. నా మొగుడెవరో చెప్పుకోలేక కొడవలి కొనుక్కుని వచ్చాను."

ఆమె మజ్జిగ గిన్నె తీసుకుని లోపలికెళ్ళిపోయింది. నేను చెయ్యి ఎండిపోయేదాకా కంచం ముందే కూర్చున్నాను.

ఆ సాయంత్రం కాగితం తీసుకుని కూర్చుంటే నాలుగు సార్లు రాశాను. మొదటిసారి 'పొరపాటున' అని రాశాను. రెండోసారి 'కంగారులో' అని రాశాను. నాలుగోసారికి అవన్నీ పోయి, జరిగింది మిగిలింది. ఆశ్రితకి చూపించాను. చదివి, ఒక చోట వేలు పెట్టింది. "తుడిచేసిన సంగతి రాయలేదు," అంది. ఆమెకి తెలుసని నాకు తెలియదు. ఆ రోజు గుమ్మంలోంచి చూసిందన్నమాట. రాశాను.

శనివారం ఇద్దరం వెళ్ళాం. రాత్రి వాన పడి నల్లరేగడి బూట్లకి పట్టుకుంటోంది. పాకలో కొలిమి ఆరిపోయి ఉంది. ఆదాం మంచం మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. ఖుర్షిదా ముందు ఆశ్రితని గుర్తుపట్టింది, తర్వాత పక్కనున్న నన్ను చూసింది. అంతా అర్థమైనట్టుంది, చేటలో బియ్యం ఏరుతూ ఉండిపోయింది.

"కూర్చోండి సారూ," అన్నాడు ఆదాం.

నేను కూర్చోలేదు. "ఆ రోజు నాకు ఫోన్ వచ్చింది ఆదాం గారూ. నేను..."

"నేనక్కడే ఉన్నా సారూ. ఎస్సై గారు స్పీకరు పెట్టారు."

అంటే 'ఏ ఆదాం' అన్నది విన్నాడు. పాపం అన్నది విన్నాడు.

"ఆవకాయ కత్తిపీట అన్నారు గదా," అని అతను సన్నగా నవ్వాడు. ఎగతాళి లేదందులో. "కానిస్టేబుళ్ళు కూడా నవ్వారు. ఎస్సై గారు నన్నడిగారు, ఏమంటావురా అని. నేను పొరపాటు పడ్డానండీ, ఆ సారు కాదేమో అన్నా."

"ఎందుకన్నారు అలా?"

"మీరు కాదన్నాక నేను అవునంటే ఏం లాభం? మీ గొంతు ఫోన్లో వినిపిద్దామని తీశా. అది లేదు." అతను నా మొహంలోకి చూశాడు, చూపు తిప్పలేదు. "అప్పుడు మాత్రం కష్టమేసింది సారూ. భయపడ్డారులే అనుకున్నా అప్పటిదాకా. అది తుడవడానికి తీరిగ్గా చెయ్యి పెట్టాలి గదా."

జేబులోంచి కాగితం తీసి, "స్టేషన్లో ఇవ్వడానికి రాశాను," అన్నాను.

"నాకు చదువు రాదు గదా సారూ."

"మీరే చదవండి," అంది ఖుర్షిదా, చేట పక్కన పెట్టి. "ఇక్కడ కాదు. మాకు తెలిసిందే గదా." రోడ్డుకి అవతల బుడే అనే అతని టీ కొట్టు ఉంది. బల్లల మీద పదిమందిదాకా రైతులు కూర్చుని ఇటే చూస్తున్నారు. "అక్కడ చదవండి. గట్టిగా."

నేను ఆశ్రిత వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

రోడ్డు దాటడానికి ఇరవై అడుగులు. రోజూ తొంభై మంది పిల్లల ముందు మాట్లాడేవాణ్ణి, కాగితం మడత విప్పి మొదటి లైను వెతుక్కున్నాను. టీ కొట్టు బుడే, "ఏందండీ?" అన్నాడు. చదివాను. ఆ కత్తులు నేనే చేయించానని, ఆదాం తొమ్మిది అంగుళాలు దాటొద్దన్నా వినలేదని, లెక్కింపు అయ్యేదాకా ఆగుదామన్నా వినక బస్సెక్కించానని, పోలీసులు అడిగితే అబద్ధమాడానని, రుజువు తుడిచేశానని. అయిపోయాక ఒక ముసలాయన, "చదువుకున్నోడివేనా నువ్వు?" అన్నాడు. ఇంకొకాయన లేచి, ఉమ్మేసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చాక ఖుర్షిదా అంది, "బాగానే రాశారు సారూ. ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే ఇంత రాయాల్సిన పనుండేది కాదు."

ఎస్సై గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. నన్ను కూర్చోమనలేదు. తహసీల్దారుకి పంపుతాననీ, ఇచ్చిన బైండోవరు మాత్రం వెంటనే పోదనీ చెప్పారు. కాలేజీకి ఉత్తరం వెళ్ళింది. నోటీసు బోర్డు మీద ఏమీ అంటించలేదు, అంటించాల్సిన పనే లేకపోయింది. ప్రిన్సిపాల్ పిలిచి సంజాయిషీ రాయించుకున్నారు. స్టాఫ్ రూంలో నేను వెళ్ళేసరికి మాటలు ఆగిపోయేవి. నాకు అనుకున్నంత కష్టమనిపించలేదు. ఆ పాకలో ఆదాం చూసిన చూపు ముందు అదెంత.

జూలైలో కొలిమి మళ్ళీ రాజుకుందని విన్నాను. ముందు ఇద్దరు ముగ్గురు, తర్వాత అందరూ గొర్రు పళ్ళు తెచ్చారట. కత్తులు మాత్రం ఇక చెయ్యనన్నాడట ఆదాం, ఎవరికీ.

ఆ ఆర్నెల్లూ ఆదివారం ఆదివారం నేను కారు తీసుకుని ఉదయం తొమ్మిదికల్లా ఆ స్టేషను దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఆదాం వద్దనలేదు, రమ్మనీ అనలేదు. బయట బల్ల మీద ఈ చివర అతను, ఆ చివర నేను. మాటలు తక్కువ. వాన పడిందా, పత్తి మొలిచిందా, అంతే. వేలిముద్ర అయ్యాక ఊరి దగ్గర దించేవాణ్ణి. డ్యూటీ కానిస్టేబులు వారం వారం మారేవాడు. ప్రతివాడూ నా ఇస్త్రీ చొక్కా చూసి లేచి, "మీరెవరండీ, ఏం పని మీదొచ్చారు?" అని అడిగేవాడు. ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చేది.

దసరా ముందు ఆదివారం కొత్త కుర్రాడు డ్యూటీలో ఉన్నాడు. రిజిస్టరు తిప్పుతూ నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపు, సిరా అంటిన బొటనవేలు గుడ్డకి తుడుచుకుంటూ, తలెత్తకుండా ఆదాం అన్నాడు:

"అడగండి. ఇప్పుడు చెప్తారు."